ఇంజన్ లైట్, సిగ్నల్ దగ్గర వణుకు: పి0303, పి0171 రెండూ వచ్చాయి. ముందు ఏది చూడాలి?

మారతహళ్ళి1200:

2011 మోడల్ బిఎస్4 హ్యాచ్‌బ్యాక్. 1.2 పెట్రోల్, నాలుగు సిలిండర్లు, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ (స్పార్క్‌కి కావలసిన హై ఓల్టేజీ పుట్టించేది) కూర్చునే రకం, టైమింగ్ చైన్. 96 వేల కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది కాబట్టి ప్లగ్గులు ఎప్పుడు మార్చారో తెలీదు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో వణుకు మొదలవుతుంది, సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. ఆర్‌పీఎం ముల్లు 700, 800 మధ్య ఊగుతూ ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్లో తొక్కితే జర్కులు కొడుతుంది. ఇంజన్ లైట్ మామూలుగా నిలకడగా వెలుగుతోంది, ఆ జర్కులప్పుడు మాత్రం మిణుకుతోంది. ఇంకో వింత ఏంటంటే, పక్కన ఆపి కీ తీసి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది.

ఈఎల్ఎం327 బ్లూటూత్ రీడర్‌తో చూస్తే పి0303, పి0171 వచ్చాయి. గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి, నాలుగు ఇంజెక్టర్లూ క్లీన్ చేయాలి, థ్రాటిల్ బాడీ సర్వీస్ చేయాలి అన్నారు. అప్పటికీ తగ్గకపోతే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చూద్దామన్నారు. మొత్తం కలిపితే కారు విలువలో మంచి వాటా అయ్యేలా ఉంది. ఎమిషన్ సర్టిఫికెట్ గడువు కూడా దగ్గరపడింది. రెండు కోడ్‌లలో అసలు జబ్బు ఏది? ఇంటి దగ్గర నేను చేసుకోగలిగింది ఏమైనా ఉందా? సాకెట్ సెట్, మల్టీమీటర్ ఉన్నాయి.

పానా14:

ముందు ఆ మిణుకు సంగతి. లైట్ నిలకడగా వెలిగితే తీరిగ్గా చూసుకోవచ్చు. మిణుకుతోందంటే ఆ క్షణంలో మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిశ్రమం మండకపోవడం) క్యాటలిటిక్ కన్వర్టర్‌ని, అంటే సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగాన్ని, పాడుచేసే స్థాయికి చేరిందని అర్థం. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిన పోయి కన్వర్టర్ లోపల మండుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే పింగాణీ దిమ్మ అది. ఆ వేడికి కరిగి మూసుకుపోతే, ఇప్పుడు మీకు చెప్పిన అంచనా చిన్నదిగా కనిపిస్తుంది. కాబట్టి బాగయ్యే దాకా లైట్ మిణికితే కాలు తీసేయండి, గేరు తగ్గించి నెమ్మదిగా పోండి. హైవే ఎక్కొద్దు.

కీ తీసి వేస్తే బాగుపడటం వింతేం కాదు. మిస్‌ఫైర్ హద్దు దాటితే చాలా ఈసీయూలు కన్వర్టర్‌ని కాపాడటానికి ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ని ఆపేస్తాయి. కీ ఆఫ్ చేసేదాకా దాన్ని మళ్ళీ తెరవవు. అంటే కాసేపు మీరు నిజంగానే మూడు సిలిండర్ల బండి నడుపుతున్నారు. కీ తిప్పగానే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక కోడ్‌లు. పి0303 అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పి0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువగా ఉందని సెన్సర్‌కి అనిపించడం. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు మిస్‌ఫైర్‌నే ముందు పట్టుకోవాలి. మూడో సిలిండర్ మండకపోతే అది పీల్చిన గాలి, అందులోని ఆక్సిజన్‌తో సహా, అలాగే బయటికి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్‌కి ఆక్సిజన్ ఒక్కటే తెలుసు, పక్కన మండని పెట్రోల్ ఉందని తెలీదు. 'గాలి ఎక్కువైంది' అని చెబుతుంది, ఈసీయూ నాలుగు సిలిండర్లకీ పెట్రోల్ పెంచేస్తుంది. సెన్సర్ తన పని తాను సరిగ్గా చేసినందుకే మీ గ్యారేజీలో దాన్ని మార్చమంటున్నారు. కోడ్‌లో కనిపించిన పేరు, షాపులో కొనాల్సిన పార్టు పేరు ఒకటే అనుకోవడం వల్ల పోయే డబ్బే ఎక్కువ.

ఏదీ కొనకుండా చేయగలిగిన పరీక్ష ఉంది. దానికి ముందు రీడర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి, కోడ్ పడినప్పటి ఆర్‌పీఎం, లోడ్, కూలెంట్ వేడి, స్పీడు, ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు) రాసిపెట్టుకోండి. కోడ్ చెరిపితే అవన్నీ పోతాయి. చాలామంది ముందు చెరిపేసి ఆ తర్వాత అడుగుతారు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు విప్పితే మర ఊడొస్తుంది. టైమింగ్ చైన్ వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క. కాయిల్ కనెక్టర్ క్లిప్పులు వేడికి పెళుసెక్కి ఉంటాయి, నొక్కి జరపండి, వైర్లు పట్టుకుని లాగొద్దు. 10 ఎం.ఎం. బోల్టు తీశాక కాయిల్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పి పైకి లాగండి. లాగేశాక ప్లగ్గు గుంతలోకి టార్చ్ వేసి చూడండి, నూనె గానీ నీళ్ళు గానీ దుమ్ము గానీ ఉందా అని. ప్లగ్గు విప్పేముందు గుంతని గాలితో ఊదాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మూడో కాయిల్‌ని రెండో దానితో మార్చండి. మూడో ప్లగ్గుని నాలుగో దానితో మార్చండి. ఇంజెక్టర్‌ని కదపొద్దు. కోడ్ చెరిపి, మిస్ కొట్టేదాకా నడపండి. పి0302 వస్తే కాయిల్ పోయింది. పి0304 వస్తే ప్లగ్గు. మళ్ళీ పి0303 వస్తే ఆ రెండిటిదీ తప్పు కాదు, ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ చూడాలి. ఒకే విప్పుడులో మూడు అనుమానాలు విడిపోతాయి.

ప్లగ్గు తిరిగి పెట్టేటప్పుడు మొదట చేత్తోనే మర ఎక్కించండి. పాత ప్లగ్గుకి వాషర్ అప్పటికే అణిగిపోయి ఉంటుంది కాబట్టి చేత్తో ఆగాక పానాతో గడియారంలో ఒక గంట గీతంత, అంటే చుట్టులో పన్నెండో వంతు, తిప్పితే చాలు. కొత్త ప్లగ్గయితే అర చుట్టు. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో అంకె చూసుకోండి.

రెండు పనులు మాత్రం చేయకండి. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగి ఏ సిలిండర్ పనిచేయడంలేదో చూడటం గ్యారేజీల్లో పాత అలవాటు. హై ఓల్టేజీకి దారి లేక కాయిల్ లోపలి ఇగ్నైటర్ పోవచ్చు, షాక్ కొట్టొచ్చు, పచ్చి పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోతుంది. అలా చూడాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. తీసినా ఆర్‌పీఎం పడకపోతే ఆ సిలిండర్ ముందే పనిచేయడంలేదు. రెండోది, కాయిల్‌ని మల్టీమీటర్‌తో కొలవడం. మీ కాయిల్‌కి మూడు పిన్నులుంటే ఇగ్నైటర్ లోపలే ఉంది, ప్రైమరీ ఓమ్‌లు కొలిచినా అర్థం లేని అంకె వస్తుంది. పైగా వేడి మీద పోయే కాయిల్ చల్లగా ఉన్నప్పుడు ఏ పరీక్షైనా పాసవుతుంది. మీ లక్షణం వేడెక్కాకే కదా.

మల్టీమీటర్:

పానా14 గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను గానీ పి0171ని పూర్తిగా పక్కన పెట్టొద్దు. ఇన్‌టేక్‌లో గాలి లీకైనా ఇవే లక్షణాలు. మారతహళ్ళి గారూ, వేడి ఇంజన్ మీద షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి పెట్టండి. ఐడిల్‌లో ఎక్కువ ఉండి రేస్ ఇస్తే తగ్గితే లీకు. రేస్‌కీ లోడ్‌కీ పెరుగుతూ పోతే పెట్రోల్ చాలడంలేదు, అంటే పంపు లేదా ఫిల్టర్. దాంతోపాటు ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలి పంచే మానిఫోల్డ్ అనే గొట్టాల్లో పీడనం కొలిచేది) రీడింగ్ కూడా.

మారతహళ్ళి1200:

ఐడిల్‌లో లాంగ్ +13, షార్ట్ +5 దగ్గర ఊగుతోంది. 2500లో రెండూ కలిపి +7. మ్యాప్ సెన్సర్ కీ ఆన్‌లో 91 కిలోపాస్కల్, ఐడిల్‌లో 40 నుంచి 44. ఐడిల్ ఆర్‌పీఎం 750 దగ్గరే.

వేలచ్చేరి_డ్రైవ్:

ఇంజన్ ఆపి ఉంటే మ్యాప్ 101 దాకా చూపించాలి కదా? చెన్నైలో ఏ కారుకి పెట్టినా 100, 101 వస్తుంది. 91 అంటే సెన్సరే తప్పు చెబుతోందేమో. సెన్సర్ తక్కువ చూపిస్తే ఈసీయూ పెట్రోల్ తక్కువిస్తుంది, దాంతో పి0171 రావచ్చు.

పానా14:

వేలచ్చేరి గారూ, మీ తర్కం సరైనదే, ఊరే వేరు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనమే 91 దగ్గర ఉంటుంది. చెన్నైలో 91 వస్తే సెన్సర్‌ని అనుమానించాలి, బెంగళూరులో 101 వస్తే అనుమానించాలి. వ్యాక్యూమ్ గేజ్ వాడేవాళ్ళకీ ఇదే మాట: పుస్తకాల్లో ఐడిల్‌కి 17 నుంచి 21 అంగుళాలు అని ఉంటుంది, అది సముద్రమట్టం లెక్క. ఇక్కడ దాంట్లోంచి మూడు అంగుళాలు తీసేసి చదువుకోవాలి. ఇది తెలీక బాగున్న ఇంజన్‌కి రింగులు పోయాయని చెప్పేవాళ్ళు ఉన్నారు.

మల్టీమీటర్ గారి సూత్రం మీద ఒక సవరణ. ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువుండి రేస్‌కి తగ్గితే లీకు అనేది గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లకి బాగా వర్తిస్తుంది. ఆ సెన్సర్ దాటాక దొంగగా దూరిన గాలి లెక్కలోకి రాదు. ఈ కారులో అది లేదు, మ్యాప్ సెన్సర్‌తో లెక్క. లీకు ద్వారా వచ్చిన గాలి మానిఫోల్డ్ పీడనాన్ని పెంచుతుంది, మ్యాప్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ ఇస్తుంది. అందుకని ఇలాంటి ఇంజన్‌లో పెద్ద లీకుంటే మిశ్రమం పలచబడటం కన్నా ఐడిల్ పెరగడమే ముందు కనిపిస్తుంది, 1100, 1200కి ఎక్కి కూర్చుంటుంది. మీది 750లోనే ఉండి వణుకుతోంది.

రేస్‌లో ట్రిమ్ +18 నుంచి +7కి పడటాన్ని మిస్‌ఫైర్‌తోనూ వివరించవచ్చు. 2500లో లోడ్ లేకుండా మీ మూడో సిలిండర్ చాలావరకు మండుతోంది, మండని ఆక్సిజన్ తగ్గింది, సెన్సర్ ఫిర్యాదూ తగ్గింది. ఐడిల్ మ్యాప్ 40 పైన ఉండటం కూడా దానికి సరిపోతుంది. ఒక సిలిండర్ సరిగ్గా పనిచేయకపోతే మిగతా మూడూ ఆ భారం మోయడానికి థ్రాటిల్ ఎక్కువ తెరవాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఏసీ ఆఫ్‌లో 30 నుంచి 38 దాకా చూపిస్తుంది.

పంపు, ఫిల్టర్ అనుమానం కూడా నిలవదు. పెట్రోల్ ప్రెషర్ తగ్గితే నాలుగు సిలిండర్లకీ తగ్గుతుంది, పి0300 (ఫలానా సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మిస్‌ఫైర్) వస్తుంది, లోడ్ మీద ట్రిమ్ పెరుగుతుంది. ఇక్కడ ఒక్క మూడుకే వచ్చింది.

మల్టీమీటర్:

మ్యాప్ ఇంజన్ విషయం ఒప్పుకుంటాను. ఒక్క మినహాయింపు మాత్రం చెప్పి తీరాలి. లీకు మానిఫోల్డ్ మధ్యలో కాకుండా సరిగ్గా మూడో సిలిండర్ రన్నర్ (ఆ సిలిండర్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టం) గాస్కెట్ దగ్గరుంటే ఆ ఒక్క సిలిండర్‌కే గాలి ఎక్కువ పోతుంది, పెట్రోల్ అంతే ఉంటుంది. మిగతావి బాగుండి అదొక్కటే మిస్ కొడుతుంది. కాయిల్, ప్లగ్గు మార్చి చూసినా కోడ్ మూడులోనే నిలిస్తే ఇంజెక్టర్ కన్నా ముందు ఈ గాస్కెట్ చూడండి. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు చాలామంది, వేడి మానిఫోల్డ్ మీద పడితే భగ్గుమంటుంది. సబ్బు నీళ్ళు కొంచెం చల్లితే చాలు, లీకుంటే పీల్చుకుని శబ్దం మారుతుంది. స్మోక్ మెషీన్ ఉన్న గ్యారేజీ దొరికితే ఇంకా మంచిది.

పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపేది) కూడా తడిమి చూడండి. ఈ వయసు కార్లలో వంపు దగ్గర కింది వైపు పగులుతుంది, పైనుంచి కనపడదు. వాల్వ్ విప్పి చెవి దగ్గర ఊపితే టకటకమనాలి.

ఇంజెక్టర్ దాకా వెళితే మల్టీమీటర్ పనికొస్తుంది. ఇలాంటి ఇంజన్లలో 11 నుంచి 16 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అసలు అంకె కన్నా నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి కొన ఇంజెక్టర్ మీద పెడితే టిక్ టిక్ అనేది నాలుగింటిలోనూ ఒకేలా వినపడాలి. శబ్దం వస్తోందంటే కరెంటు పరంగా పనిచేస్తోందని మాత్రమే అర్థం, స్ప్రే బాగుందని కాదు.

అన్నా_గేర్2:

ఒక చిన్న మాట అన్నా. కంప్రెషన్ గేజ్ తెచ్చే ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, స్టార్ట్ అవకుండా సెల్ఫ్ కొట్టి విను. నాలుగు సిలిండర్లూ సమంగా ఉంటే ఒకే తాళంలో తిరుగుతుంది. ఒకటి బలహీనంగా ఉంటే ప్రతి రెండు చుట్లకి ఒకసారి గబుక్కున పరిగెత్తినట్టు వినిపిస్తుంది. ఖర్చు లేదు. ఫోన్‌లో రికార్డు చేసి నెమ్మదిగా విను.

మారతహళ్ళి1200:

అందరికీ థ్యాంక్స్. సెల్ఫ్ శబ్దం సమంగానే ఉంది. కాయిల్ మూడు నుంచి రెండుకి, ప్లగ్గు మూడు నుంచి నాలుగుకి మార్చాను. కోడ్ చెరిపి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో వేడెక్కేదాకా నడిపితే పి0302 వచ్చింది. పి0171 ఇప్పుడు పెండింగ్‌లో (ఇంకా ఖాయం కాని కోడ్‌గా) కనిపిస్తోంది. మూడో గుంతలో ప్లగ్గు షట్కోణం మునిగేంత నూనె ఉంది, కాయిల్ రబ్బరు బూటు మెత్తబడి ఉబ్బింది. ఆ బూట్లోంచి వచ్చిన ప్లగ్గు పింగాణీ మీద నల్లటి సన్న గీత ఒకటి నిలువుగా ఉంది. గ్యాప్ నాలుగింటికీ 1.3 మి.మీ. దాటింది. ఇప్పుడు ఒక కాయిల్ కొనాలా, నాలుగూ కొనాలా? నూనె ఎక్కడిది?

పానా14:

కథ అంతా ఆ నల్లగీతలోనే ఉంది. దాన్ని కార్బన్ ట్రాక్ అంటారు. స్పార్క్ ప్లగ్గు గ్యాప్ దాటడానికి బదులు పింగాణీ పక్కనుంచి జారి హెడ్ లోహంలోకి దూకుతోంది. ఒకసారి దారి పడిందంటే ప్రతిసారీ అటే పోతుంది. గ్యాప్ 1.3కి అరగడంతో దూకడానికి కావలసిన ఓల్టేజీ పెరిగింది, నూనెకి ఉబ్బిన బూటు ఆ ఓల్టేజీని ఆపలేకపోయింది. లోడ్ మీద సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి గ్యాప్ దాటడం ఇంకా కష్టం, అందుకే ఫ్లైఓవర్ మీదే జర్కులు. కొత్త ప్లగ్గు గ్యాప్ ఇలాంటి ఇంజన్లకి 1.0, 1.1 మధ్య ఉంటుంది, మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి.

బూటు లోపల కూడా అదే గీత ఉంటుంది, టార్చ్ వేసి చూడండి. అందుకే ప్లగ్గు ఒక్కటే మారిస్తే కొన్నాళ్ళకి కొత్త ప్లగ్గు మీదా అదే గీత పడుతుంది. బూటు విడిగా దొరికే కాయిల్ అయితే, కాయిల్ బాగుంటే, బూటు మార్చితే సరిపోయేది. మీ విషయంలో కోడ్ కాయిల్‌తో పాటు కదిలింది, తప్పు బూటుదా కాయిల్‌దా అని తేల్చుకోవడానికి పడే శ్రమ కన్నా కాయిల్ మార్చడమే మేలు.

కాయిల్ ఒక్కటి చాలు. ప్లగ్గులు మాత్రం నాలుగూ మార్చండి. నాలుగు కాయిల్స్ ఒకేసారి మార్చమనేవాళ్ళ వాదన ఏంటంటే మిగతావీ అదే వయసువని. నిజమే, కానీ ఇక్కడ మొదటిదాన్ని చంపింది వయసు కాదు, నూనె. మిగతా మూడు గుంతలు పొడిగా ఉంటే ఆ కాయిల్స్ ఇంకా చాలాకాలం వస్తాయి.

నూనె వాల్వ్ కవర్‌ది. కవర్ గాస్కెట్‌తో పాటు ప్లగ్గు గుంతల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు వేడికి గట్టిపడి కారతాయి. గాస్కెట్ సెట్‌లో ఆ సీళ్ళు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోండి, కొన్ని ఇంజన్లకి విడిగా వస్తాయి, కొన్నిటికి కవర్‌లోనే బిగించి ఉంటాయి. పాత ప్లగ్గు విప్పకముందే ఆ నూనెని గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్‌తో పూర్తిగా అద్ది తీయండి, లేకపోతే సిలిండర్‌లోకి కారుతుంది. కవర్ బోల్టులు చిన్నవి, మధ్య నుంచి బయటికి కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో బిగించాలి. గట్టిగా బిగిస్తే కారడం ఆగదు, పైగా కవర్ పగులుతుంది. టైమింగ్ కవర్, హెడ్ కలిసే రెండు మూలల్లో గాస్కెట్ కింద సిలికాన్ సీలెంట్ చుక్క పెట్టాలి. ఎక్కువ కారేది అక్కడే.

జేసీరోడ్_సీల్:

కొనేటప్పుడు పాత కాయిల్ చేతిలో పట్టుకెళ్ళండి. జేసీ రోడ్డులో కారు పేరు, సంవత్సరం చెబితే ఏదో ఒకటి ఇస్తారు. కనెక్టర్ ఒకటే, బోల్టు రంధ్రం ఒకటే, బూటు పొడవు మాత్రం వేరే అయిన కాయిల్స్ ఉన్నాయి. పొట్టి బూటు ప్లగ్గు తలని సరిగ్గా పట్టదు, మళ్ళీ మిస్ మొదలు. కాయిల్ మీద అచ్చు వేసిన నంబరుతో పోల్చండి. పెద్ద గుజరీలో స్క్రాప్ కాయిల్ చవగ్గా దొరుకుతుంది, వద్దు. ఎన్నేళ్ళు వేడిలో ఉడికిందో ఎవరికీ తెలీదు.

ప్లగ్గుల్లో డూప్లికేట్లు ఎక్కువ. కింది ఎలక్ట్రోడ్ మధ్య ఎలక్ట్రోడ్‌కి సరిగ్గా ఎదురుగా లేకపోవడం, మర గరుకుగా ఉండటం, పింగాణీ మీద అక్షరాలు వేలితో రుద్దితే చెరగడం, వాషర్ చేత్తో తిప్పితే ఊడి రావడం, వీటిలో ఏది కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. నాలుగూ ఒకే పెట్టెలోవి, ఒకే నంబరువి ఉండాలి. కొత్తవైనా గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడండి, ఇరీడియం రకమైతే సన్నని కొనకి గేజ్ తగలకుండా జాగ్రత్త. ప్లగ్గు మరకి యాంటీ సీజ్ రాయకండి. ఇప్పటి ప్లగ్గులకి పూత ఉంటుంది, అది రాస్తే జారుడుకి తెలీకుండా ఎక్కువ బిగుస్తుంది. బూటు లోపల మాత్రం డైఎలక్ట్రిక్ గ్రీజు సన్నగా రాయండి.

హెబ్బాళ్_ఎల్పీజీ:

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోవద్దు. నాది 1.1 పెట్రోల్, ఎల్‌పీజీ కిట్ ఉంది. పెట్రోల్ మీద బాగుంటుంది, గ్యాస్ మీద మాత్రం వేడెక్కాక ఐడిల్‌లో ఇలాగే వణుకు, పి0300. నాదీ కాయిలేనా?

పానా14:

కావచ్చు, కానీ ముందు ప్లగ్గు గ్యాప్ చూడండి. గ్యాస్ మిశ్రమంలో స్పార్క్ దూకడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ ఓల్టేజీ కావాలి, కొంచెం బలహీనమైన కాయిలైనా కేబులైనా గ్యాస్ మీదే ముందు బయటపడుతుంది. గ్యాస్ బండ్లకి గ్యాప్ 0.7, 0.8కి తగ్గిస్తారు. తర్వాత గ్యాస్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, రెడ్యూసర్ (గ్యాస్ ప్రెషర్‌ని తగ్గించే భాగం) ప్రెషర్ సెట్టింగు.

ఇవి బాగున్నా తగ్గకపోతే ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) కొలిపించండి. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు త్వరగా అరుగుతుంది. అరిగేకొద్దీ వాల్వ్ పైకి వస్తుంది, క్లియరెన్స్ తగ్గిపోతుంది, చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్ చప్పుడు చేస్తే అందరూ కంగారుపడతారు గానీ, గ్యాస్ బండిలో భయపడాల్సింది చప్పుడు లేకుండా బిగుసుకుపోయిన ట్యాపెట్‌కే. హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు ఉన్న ఇంజన్ అయితే ఈ కొలత అవసరం లేదు, నేరుగా కంప్రెషన్‌కి పోండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్టర్ కూడా పీకేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్యాటరీ బాగా ఛార్జి ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు తిప్పాలి. యాక్సిలరేటర్ తొక్కడం మరిచిపోతే అంకెలన్నీ తక్కువొచ్చి ఇంజన్ పోయిందనిపిస్తుంది. నాలుగింటి మధ్య తేడా ఒక బార్ దాటితే అనుమానించాలి. తక్కువొచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

మారతహళ్ళి1200:

కాయిల్ ఒకటి, ప్లగ్గులు నాలుగు, కవర్ గాస్కెట్, సీళ్ళు మార్చాను. వణుకు పోయింది, మూడో గేర్లో ఫ్లైఓవర్ హాయిగా ఎక్కుతోంది, ఐడిల్‌లో మ్యాప్ 33. కోడ్ ఏదీ లేదు. ట్రిమ్ మాత్రం రెండూ కలిపి ఐడిల్‌లోనూ 2500లోనూ +6 దగ్గర నిలిచింది, సున్నాకి రాలేదు. ఇంకా ఏదైనా మిగిలిందా? ఎమిషన్ టెస్ట్‌కి ఇప్పుడే వెళ్ళొచ్చా?

మల్టీమీటర్:

అన్ని ఆర్‌పీఎంలలోనూ ఒకేలా +6 ఉందంటే లీకు కాదు, ఇంధనమే మారింది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పూర్తిగా మండటానికి కావలసిన గాలి, పెట్రోల్ నిష్పత్తి 13.5 దగ్గర, ఈ10కి 14.1, ఇథనాల్ కలపని పెట్రోల్‌కి 14.7. అంటే అదే గాలికి ఈ20 నాలుగు నుంచి తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. 2011 ఈసీయూకి ఆ విషయం తెలీదు, ఆక్సిజన్ సెన్సర్ చూసి ట్రిమ్ పెంచుకుంటుంది. +10 దాటి పెరుగుతూ పోతే, అందులోనూ లోడ్ మీద పెరిగితే, అప్పుడు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి. ఈ వయసు కార్లలో ట్యాంకు అడుగు మురికి పంపు జల్లెడకి చేరడం మామూలే. పెట్రోల్ గొట్టాలు కూడా ఒకసారి చూడండి, జిగురుగానో పగిలినట్టో ఉంటే మార్చేయాలి.

పానా14:

ఎమిషన్‌కి వెళ్ళండి, కానీ ఇంటి పక్కనే స్టార్ట్ చేసి చల్లటి ఇంజన్‌తో పోకండి. ఇరవై నిమిషాలు నడిపి కన్వర్టర్ వేడెక్కాక నేరుగా వెళ్ళండి, లైనులో నిలబడితే ఇంజన్ ఆపొద్దు. బిఎస్4 పెట్రోల్‌కి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్ 200 పీపీఎం హద్దు. వాళ్ళిచ్చే చీటీలో అంకెలు చదవండి, పాస్ అన్న ముద్ర చూసి జేబులో పెట్టుకోవద్దు. హైడ్రోకార్బన్ హద్దుకి దగ్గరగా ఉండి కార్బన్ మోనాక్సైడ్ తక్కువుంటే ఇంకా ఎక్కడో మిస్ కొడుతోంది. రెండూ ఎక్కువుంటే మిశ్రమం చిక్కగా ఉంది లేదా ఆ మిణుకులప్పుడు కన్వర్టర్ దెబ్బతింది. కన్వర్టర్ సంగతి రీడర్‌లో కూడా చూడొచ్చు: వేడి ఇంజన్‌తో 2500లో ఉంచితే వెనక ఆక్సిజన్ సెన్సర్ ఓల్టేజీ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. ముందు సెన్సర్‌లాగా 0.1కీ 0.8కీ మధ్య గెంతుతుంటే త్వరలో పి0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడంలేదనే కోడ్) వస్తుంది.

ఇంకొకటి, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఇన్నాళ్ళూ మండని పెట్రోల్ కొంత సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఉంటుంది. పెట్రోల్ వాసన గుప్పుమంటే గానీ, లెవెల్ పై గీత దాటి ఉంటే గానీ, సర్వీస్ టైం రాలేదని ఆగకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.